స్తంభం దాకా విసిరిన ఎర

సాయిరామ్ వాళ్లింట్లో ఎవరూ చేపలు తినరు. బరంపురం పెద్ద బజారులో ఎండుమిర్చి, పసుపు టోకుగా అమ్మే కుటుంబం వాళ్లది. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి చేపలు పట్టే పిచ్చి ఎలా అంటుకుందో తల్లి సత్యవతికి ఎప్పటికీ అంతు చిక్కలేదు. గాలం కర్రనీ ఎరల పెట్టెనీ గడప దాటనివ్వనని ఆవిడ ఖరాఖండిగా చెప్పేసింది. అందుకని అవి కొట్టు వెనక గోడౌన్‌లో, మిర్చి బస్తాల మధ్య ఉండేవి. ఆదివారం పొద్దున్నే వాటిని బండికి కట్టుకుని సాయిరామ్ గంజాం వెళ్లేవాడు. ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, గురువులు అనే జాలరి పడవ మీంచి గాలం విసిరేవాడు. చిక్కిన చేపని గురువులు ఇంట్లో ఇచ్చేసి, ఉత్త చేతులతో తిరిగొచ్చేవాడు.

దసరా దాటితే ఆ పిచ్చి ఇంకా ముదిరేది. వానలు తగ్గుముఖం పడతాయి. నదిలోనూ మడుగుల్లోనూ బలిసిన రొయ్యలు, చిన్న చేపలు సముద్రం వైపు దిగుతాయి. వాటికోసం పండుగొప్ప చేపలు మొగలో మాటు వేస్తాయి. శనివారం సాయంత్రం సాయిరామ్ గోడౌన్ నేల మీద దుప్పటి పరిచి, ఎరలన్నీ దాని మీద వరసగా పేర్చి కూర్చునేవాడు. అన్నీ ఉత్తుత్తి ఎరలే. మెత్తటి రబ్బరు చేపలు, చెంచాల్లా మెరిసే ఇనప బిళ్లలు, రంగులు పూసిన చెక్క చేపలు.

"నీళ్లు ఇంకా బురదగా ఉంటే పసుపుది వెయ్యాల. తేటపడితే వెండిది. ఇప్పుడు చేప అడుగున ఉంటాది, అందుకని లోతుకు దిగేదే కావాల," అని తనలో తను అనుకున్నట్టు పైకి అనేవాడు.

"పట్టుచీరల కొట్లో ఆడోళ్లు కూడా ఇంతసేపు ఏరరు," అనేది భార్య వసుధ.

"అయితే నువ్వే ఏరి ఇయ్యి."

ఆమె చేతికందింది ఒకటి తీసి ఇచ్చేది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వి, మళ్లీ దుప్పటి మీదే పెట్టేసేవాడు. వసుధకి ఆ ఎరల మీద ఏ ఆసక్తీ లేదు. కానీ వారమంతా కొట్టూ ఇల్లూ తప్ప వేరే లోకం లేని మనిషికి, ఆదివారం సముద్రపు గాలి బాగుండేది. అప్పుడప్పుడూ అతనితో వెళ్లి ఒడ్డున ఇసకలో కూర్చునేది. రెండు మూడుసార్లు అతను కర్ర చేతికిచ్చి విసరడం నేర్పాడు. ఆమె విసిరితే ఎర తిన్నగానే వెళ్లేది. అంతకు మించి ఆమె పట్టించుకోలేదు.

ఆ ఆదివారం, దసరా తర్వాత వచ్చే కుమార్ పున్నమికి మర్నాడు. మొగకి ఇవతల పక్క, ఇసక దిబ్బ మీద గురువులు భార్య జగ్గమ్మ వల బాగుచేసుకుంటోంది. వసుధ వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. నదిలో, ఒడ్డుకి దూరంగా, ఎప్పుడో కూలిపోయిన జెట్టీ తాలూకు కాంక్రీటు స్తంభం ఒకటి వాలిపోయి నిలబడి ఉంది. దాని చుట్టూ చేప బాగా తిరుగుతుందని సాయిరామ్ నమ్మకం. ఏ ఎర పట్టుకెళ్లాలో చివరిదాకా తేలక, నాలుగైదు జేబులో వేసుకుని, పెట్టెనీ రెండో కర్రనీ వసుధ దగ్గర వదిలేశాడు.

పడవ ఎక్కేముందు గురువులు నీళ్లకేసి చూశాడు. "బాబూ, ఇది పున్నం నీరు. పాటు మొదలైతే నదినంతా సంద్రం లాగేసుకుంటాది. నానెల్దాం అన్నప్పుడు ఎల్లిపోవాల. ఇంకో పాలి, ఇంకో పాలి అనకూడదు."

"అనను. నువ్వు సెప్పడవే ఆలస్యం," అన్నాడు సాయిరామ్.

కానీ అన్నాడు. గాలికి మాటలు వినపడకపోయినా ఒడ్డు మీంచి వసుధకి తెలుస్తూనే ఉంది. గురువులు లంగరు తాడు మీద చెయ్యి వేశాడు. సాయిరామ్ వేలు చూపించి, మరొక్కసారి అన్నట్టు కర్ర ఎత్తాడు. ఆ విసురుకే చేప పట్టింది. కర్ర విల్లులా వంగింది. సాయిరామ్ లేచి నిలబడ్డాడు. అతన్ని కూర్చోబెట్టడానికి గురువులు కూడా అదే వైపుకి వచ్చాడు. అప్పటికే పాటు తిరిగింది. లంగరుకి బిగిసిన పడవ ప్రవాహానికి అడ్డం తిరిగి, స్తంభాన్ని గుద్దుకుని, ఒక్క పక్కకి ఒరిగి నీళ్లు తాగేసింది.

జగ్గమ్మ చేతిలోని వల జారిపోయింది. "ఓలమ్మో!" అని లేచి నీళ్లవైపు పరిగెత్తింది.

లంగరు తాడు తెగి, పడవ బోర్లా పడి, సముద్రం వైపు కొట్టుకుపోతోంది. మొగ బయట కెరటాలు తెల్లగా విరుగుతున్నాయి. ఇద్దరు మగవాళ్ల తలలూ స్తంభం దగ్గర తేలాయి. సాయిరామ్ ఒక చేత్తో స్తంభాన్ని కావలించుకుని, రెండో చేత్తో గురువులు చొక్కా పట్టుకున్నాడు. గురువులు కుడిచెయ్యి నీళ్లలో గుడ్డపీలికలా వేలాడుతోంది. పడవ అంచు అతని భుజాన్ని చితక్కొట్టేసింది. నది మీద పుట్టి పెరిగిన మనిషి ఒంటిచేత్తో ఆ వడికి ఎదురీదలేడు. సాయిరామ్‌కి అసలు ఈతే రాదు.

జగ్గమ్మ నడుం లోతు దాకా దిగింది. ప్రవాహం ఆమె కాళ్లకింద ఇసకని తవ్వేస్తోంది. వసుధ వెనకనుంచి చీర కొంగు పట్టి బయటికి లాగింది. "నువ్వు కూడా పోతే ఏటి సెయ్యాల?" అని అరిచింది. ఫోను తీసి, ఊళ్లో ఉన్న జగ్గమ్మ అల్లుడు అర్జున్‌కి చేసింది. తొందరలో తప్పు నొక్కి, మళ్లీ చేసింది.

"బోట్లన్నీ సంద్రంలో ఉన్నాయమ్మా. నేను మనుసుల్ని కూడగట్టుకుని వస్తన్నాను. ఇసక మీద నడిసి రావాల కదా, జల్ది వస్తన్నాం," అన్నాడు అర్జున్.

ఆ ఇసక దారి ఎంత దూరమో వసుధకి తెలుసు. పొద్దున ఆ దారినే నడిచి వచ్చింది. వాళ్లొచ్చేదాకా ఆ రెండు తలలూ నీటి మీద ఉంటాయని ఆమెకి నమ్మకం కలగలేదు. చూస్తూండగానే ఒక కెరటం మొగలోకి దొర్లుకొచ్చి స్తంభం మీదుగా పొంగింది. అది దిగాక మళ్లీ రెండు తలలు కనిపించేదాకా ఆమె ఊపిరి తీసుకోలేదు.

జగ్గమ్మ ఇసకలో పడి ఉన్న, పడవని ఒడ్డుకి లాగే తాడు చుట్టని ఎత్తి విసిరింది. అది సగం దూరం కూడా వెళ్లలేదు. తడిసి మరింత బరువెక్కిన తాడుని లాక్కుని మళ్లీ విసిరింది. మళ్లీ అంతే. "తాడుంది, అందదు. ఏటి సేసీది భగమంతుడా!" అని తల బాదుకుంది.

వసుధ చూపు ఇసకలో ఆనించి ఉన్న రెండో కర్ర మీద పడింది. తాడు వెళ్లదు. కానీ దారం వెళ్తుంది. దారం అతనికి అందితే దాని కొసకి తాడు కట్టొచ్చు.

పెట్టె తెరిచింది. లోపల అరల్లో రంగురంగుల ఎరలు. ప్రతి శనివారం అతను చెప్పినవేవీ ఆమెకి గుర్తు రాలేదు. కర్రకి అప్పటికే ఒక పసుపు రబ్బరు చేప కట్టి ఉంది. దాన్నే విసిరింది. ఎదురుగాలి దాన్ని ఎండుటాకులా ఎత్తి, ఒడ్డుకి దగ్గర్లోనే పడేసింది. చుట్టుకుని మళ్లీ విసిరింది. మళ్లీ అక్కడే.

"బరువుది కట్టమ్మా, బరువుది!" అంది జగ్గమ్మ.

రబ్బరు చేపని పళ్లతో కొరికి తెంపి, ఇనప బిళ్ల కట్టింది. అది రివ్వున పోయి స్తంభానికి కొంచెం ఎడంగా పడింది. కానీ బిళ్ల పడీపడగానే బుడుంగున మునిగింది. ఆమె చుట్టేలోపే అడుగున రాళ్లలో దాని గాలపు ముల్లు పట్టేసింది. లాగితే రాలేదు. సాయిరామ్ చెయ్యి చాపాడు గానీ దారం నీటి అడుగున ఉంది. ఆమె మోచేతికి దారం చుట్టి, ఏడుస్తూ గుంజి తెంపేసింది. దారం చర్మంలో దిగి ఎర్రటి గీత గీసింది.

గురువులు తల ఒకసారి ముందుకి వాలిపోయింది. సాయిరామ్ మోకాలితో అతన్ని పైకెత్తి స్తంభానికి అదిమాడు.

వసుధ పెట్టె ముందు మోకాళ్ల మీద కూలబడింది. దూరం వెళ్లాలి. మునగకూడదు. ఈ రెండే కావాలి. రంగుతో పని లేదు, లోతుతో పని లేదు. ఎరలన్నీ ఇసకలో కుమ్మరించింది. అడుగరలోంచి లావుపాటి చెక్క బొమ్మ ఒకటి దొర్లింది. దాని మూతి దోసిలిలా తొలిచి ఉంది. నీటి మీద తేలుతూ, లాగినప్పుడల్లా గుప్పుగుప్పుమని చప్పుడు చేసే రకం. ఈ కాలానికి ఇది పనికిరాదని సాయిరామ్ దాన్ని బయటికే తీసేవాడు కాదు. చేతిలో తూచి చూసింది. బరువుగానే ఉంది.

"ముల్లులు తీసీమ్మా. లేకపోతే సేతులు సీరుకుపోతాయి," అంది జగ్గమ్మ.

ముళ్లని పట్టి ఉంచిన ఇనప చుట్టలు గోరుతో విడదీయబోతే వసుధ గోరు సగానికి విరిగింది. జగ్గమ్మ చేపలు కోసే కత్తి మొన దూర్చి వాటిని ఊడబెరికింది. వసుధ దారం ముడేసి, తడి ఇసకలో పాదాలు ఊన్చి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరింది. బొమ్మ గాలిని చీల్చుకుని, స్తంభానికి ఎగువన పడి, తేలుతూ ప్రవాహంతోపాటు సాయిరామ్ ఛాతీ దగ్గరికే వచ్చింది. అతను దాన్ని పళ్లతో పట్టుకున్నాడు.

జగ్గమ్మ ఒడ్డు దగ్గర దారం కోసి, కొసని తాడుకి బిగించి కట్టింది. సాయిరామ్ దారాన్ని మణికట్టుకి చుట్టుకుంటూ లాగాడు. తాడు నీటి మీద పాములా కదిలి, మెల్లగా వాళ్ల దాకా పోయింది. ఆ వడిలో ఇద్దర్నీ ఒకేసారి లాగడం ఇద్దరాడవాళ్ల వల్ల కాదని సాయిరామ్‌కి కూడా అర్థమైంది. తాడుని గురువులు చంకల కిందనుంచి చుట్టి కట్టాడు.

"ముందు ఈయన్ని లాగండి!" అని కేకేశాడు. "దారం నా దగ్గరే ఉంటాది. తాడు మళ్లీ లాక్కుంటాను!"

గురువులు ఏదో అనబోయాడు. సాయిరామ్ అతన్ని స్తంభం మీంచి తోసేశాడు.

ఇద్దరాడవాళ్లూ తాడు నడుముకి చుట్టుకుని వెనక్కి వెనక్కి నడిచారు. ప్రవాహం గురువుల్ని సముద్రం వైపు లాగుతోంది. వీళ్లు ఒడ్డు వైపు లాగుతున్నారు. అతని తల మునిగీ తేలీ, మునిగీ తేలీ, చివరికి దిగువన ఇసకకి తగిలింది. జగ్గమ్మ పరిగెత్తి అతన్ని జుట్టు పట్టి పైకీడ్చింది. "ఓలయ్యా, కళ్లు తెరువు! నాకేసి సూడు!" అంటూ చెంపలు కొట్టింది. గురువులు నీళ్లు కక్కి, బాధతో మూలిగాడు.

వసుధ తాడు విప్పుతూ దారం కోసం చూసింది. తాడు కొసన మూరెడు దారం మాత్రం వేలాడుతోంది. స్తంభాన్ని అంటుకున్న ఆలిచిప్పల అంచులకి ఒరుసుకుని అది ఎప్పుడో తెగిపోయింది. అక్కడ సాయిరామ్ ఉత్త చేతిని ఎత్తి చూపించాడు. ఏదో అరిచాడు గానీ వినపడలేదు.

ఇదంతా మళ్లీ మొదట్నుంచీ చెయ్యాలి. గాలం కర్ర చక్రంలో మిగిలిన దారం ఎంతో తెలియదు. చెక్క బొమ్మ పోయింది. ఇసకలో పడినవన్నీ చేతులతో కెలికింది. అన్నీ రబ్బరు చేపలే, అన్నీ తేలికవే. ఒక్కటే ఇనప బిళ్ల మిగిలింది, మునిగిపోయేది. సాయిరామ్ ఇప్పుడు స్తంభాన్ని కావలించుకోలేదు, దాని మీద వాలిపోయాడు. కెరటం వచ్చినప్పుడల్లా కొంచెం కిందికి జారుతున్నాడు.

"అమ్మా, బాబు సెయ్యి జారిపోతంది!" అని జగ్గమ్మ అరిచింది.

వసుధ ఇనప బిళ్ల కట్టింది. ముళ్లు తీసే వ్యవధి లేదు. దీన్ని అతని దగ్గర పడేస్తే మునిగిపోతుంది. అందుకని అతన్ని దాటించి విసరాలి. బిళ్ల ఎక్కడ పడినా సరే, దారం మాత్రం అతని మీద పడాలి. మొదటి విసురు గాలికి పక్కకి పోయింది. మునగకముందే పిచ్చిదానిలా చుట్టి వెనక్కి తెచ్చుకుంది. రెండోసారి బిళ్ల స్తంభం మీదుగా దాటి అవతల పడింది. దారం సాయిరామ్ భుజం మీద వాలింది.

"పట్టుకోండి! ఏవండీ, పట్టుకోండి!"

అతని వేళ్లు ముడుచుకోలేదు. చల్లబడి కొయ్యబారిపోయాయి. రెండుసార్లు ప్రయత్నించి, దారాన్ని మోచేతి మడతలో అదిమాడు. వసుధ చక్రం తిప్పుతోంది. దారం అతని చేతిలోంచి జారిపోతోంది, జారిపోతోంది. బిళ్ల నీళ్లలోంచి లేచి అతని దగ్గరికొచ్చింది. ఏం జరగబోతోందో ఆమెకి తెలుసు. ఆపలేదు. కర్రని వెనక్కి గట్టిగా గుంజింది.

సాయిరామ్ పెట్టిన కేక గాలికెదురుగా కూడా ఒడ్డుదాకా వినిపించింది. ముల్లు అతని అరచేతిలో దిగింది.

"చేతికి చుట్టుకోండి! చుట్టుకోండి!" అని ఏడుస్తూ అరుస్తూనే ఉంది. అతను ఆ చేతినే దారం చుట్టూ తిప్పాడు. జగ్గమ్మ ఇటు దారం కోసి, తాడు కొసని వలయంలా ముడేసి దానికి కట్టింది. అతను చేతులతో లాగలేకపోయాడు. పళ్లతో కొంచెం, మోచేత్తో కొంచెం తాడుని దగ్గరికి తెచ్చుకున్నాడు. కట్టుకోవడానికి వేళ్లు ఆడలేదు. తాడు వలయంలోకి తలనీ ఒక చేతినీ దూర్చి, మెలిపెట్టి, దాని మీద ఒళ్లంతా వాల్చేశాడు. స్తంభం వదిలేశాడో, స్తంభమే అతన్ని వదిలేసిందో తెలియదు.

తాడు ఒక్కసారిగా బిగుసుకుంది. వసుధ ముందుకి పడిపోయింది. పడినా వదల్లేదు. ఇసక మీద ఈడ్చుకుపోతూనే మడమలు తన్నిపట్టింది. జగ్గమ్మ వెనక పట్టుకుంది. గురువులు పాక్కుంటూ వచ్చి, బాగున్న చేత్తో తాడు చివర పట్టుకుని దాని మీద పడుకుండిపోయాడు. సాయిరామ్ తల కనపడటం లేదు. తాడు చివర బరువు మాత్రం ఉంది. ఆ బరువులో ప్రాణం ఉందో లేదో తెలియకుండానే లాగారు.

ఇసక మీద కేకలు వినిపించాయి. అర్జున్, అతని వెనక మరికొందరు పరిగెత్తుకొచ్చి తాడు అందుకున్నారు. ఇద్దరు నీళ్లలోకి ఉరికి సాయిరామ్‌ని ఎత్తుకొచ్చారు. ముఖం నీలంగా ఉంది. అతన్ని పక్కకి తిప్పి, వీపు మీద గుద్ది, ఛాతీ నొక్కారు. వసుధ దగ్గరికి వెళ్లలేకపోయింది. దూరంగా నిలబడి, పేరు పెట్టి ఎన్నడూ పిలవని మనిషి పేరుని గట్టిగా అరుస్తూ ఉంది. సాయిరామ్ దగ్గాడు. బురద నీళ్లు కక్కాడు. మళ్లీ దగ్గాడు.

ఛత్రపూర్ ఆసుపత్రిలో డాక్టరు ముల్లుని అరచేతి అవతలికి నెట్టి, మొన కత్తిరించి తీశాడు. లోపల నరం తెగిందనీ, రెండు వేళ్లు మునుపటిలా ముడుచుకోకపోవచ్చనీ చెప్పాడు. పక్క మంచం మీద గురువులు భుజానికి కట్టు కట్టారు. సాయంత్రానికి సత్యవతి వచ్చింది. కొడుకు చేతినీ, కోడలి చేతులనీ మార్చి మార్చి చూసి, మంచం కాళ్ల దగ్గర కూర్చుండిపోయింది.

"గురువులూ, నువ్వు ఎల్దాం అన్నప్పుడే రావాల్సింది," అన్నాడు సాయిరామ్.

"నన్ను ముందు తోసీసినావు బాబూ. ఇంకా ఆ మాట ఎందుకు?" అన్నాడు గురువులు. ఆ తర్వాత గోడవైపు తిరిగి, "పడవ పోయింది కదే," అన్నాడు జగ్గమ్మతో. ఆ గొంతు విని వసుధ తలదించుకుంది.

మర్నాడు తెల్లారగానే జగ్గమ్మ పడవ వెతకడానికి బయల్దేరింది. మొగ దాటి కొట్టుకుపోయినదాన్ని ఏదో ఒక చోట సముద్రం ఒడ్డుకి తోసి ఉంటుందని ఆమె ఆశ. వసుధ కూడా వెంట వెళ్లింది. వద్దంటే వినలేదు. తాడు ఒరిసి చిట్లిన ఆమె రెండు అరచేతులకీ కట్లున్నాయి. ఇద్దరూ నీళ్ల అంచునే నడిచారు. ఎండ ఎక్కింది. ఒకచోట పగిలిన తెడ్డు దొరికింది. జగ్గమ్మ దాన్ని ఎత్తి చంకలో పెట్టుకుని ముందుకి నడిచింది.

సరుగుడు తోపు దాటాక కనిపించింది పడవ. సగం ఇసకలో కూరుకుపోయి, బోర్లా పడి ఉంది. ఇంజను లేదు. ఒక పక్క చెయ్యి దూరేంత పగులు. జగ్గమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగింది. పగులు మీద అరచెయ్యి ఆనించి, లోపలికి వంగి చూసి, అక్కడే కూలబడి బిగ్గరగా ఏడ్చింది. నిన్నంతా ఏడవని ఏడుపు అది. వసుధ పక్కన కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

కాసేపటికి జగ్గమ్మ ముక్కు తుడుచుకుని సముద్రం వైపు చూసింది. పోటు మొదలైంది. నురగ పడవ దాకా వచ్చి వెనక్కి పోతోంది.

"ఇక్కడుంటే మద్దేనానికి సంద్రం మళ్లీ ఎత్తుకుపోద్ది. అర్జున్‌కి ఫోన్ సెయ్యమ్మా. ఆలొచ్చీలోగా ఈ ఇసకైనా తీద్దాం," అంది.

వసుధ ఫోన్ చేసింది. తర్వాత కట్టు కట్టిన చేతులతోనే పడవ పక్కన ఇసక తవ్వడం మొదలుపెట్టింది. తడి ఇసక కట్టులోకి దూరి పుండు భగ్గుమంది. అవతలి పక్కనుంచి జగ్గమ్మ తెడ్డుతో తవ్వుతోంది.